నాంపల్లికి 24 బైట్లు

హైదరాబాదులోని నాంపల్లి పేరు మన లెక్కకు మూడక్షరాల మాట: నాం, ప, ల్లి. కంప్యూటర్ లెక్క వేరు. దానికి ఇందులో 8 సంకేతాలు కనిపిస్తాయి: న, దీర్ఘం, సున్న, ప, ల, పొల్లు, మళ్లీ ల, చివర గుడి. వీటిని ఇంటర్నెట్ మీద పంపాలంటే ఒక్కో సంకేతానికి 3 బైట్ల చొప్పున మొత్తం 24 బైట్లు కావాలి. అదే పేరు ఇంగ్లీషులో రాస్తే 8 అక్షరాలు, 8 బైట్లు. అక్కడితో సరి.

గత అధ్యాయంలో ప్యాకెట్లు దారి వెతుక్కుంటూ గమ్యం చేరడం చూశాం. చేరాక ఏమవుతుంది? అక్కడ కాచుకుని ఉన్న ప్రోగ్రామ్ ఆ బైట్లను ఎలా చదువుకుంటుంది? చాలా పాఠ్యపుస్తకాలు ఈ ప్రశ్నను ఒక్క వాక్యంతో దాటేస్తాయి. కానీ నెట్‌వర్క్ ప్రోగ్రాముల్లో మొండి తప్పులు పుట్టేది ఇక్కడే. ఇంగ్లీషుతో పరీక్షిస్తే ఆ తప్పులు చాలావరకు దాక్కుంటాయి. తెలుగుతో పరీక్షిస్తే వెంటనే బయటపడతాయి. అందుకే ఈ అధ్యాయం మొత్తానికీ నాంపల్లినే వెంట తీసుకెళ్తాను.

కవర్లు లేని ఉత్తరాలు

అబిడ్స్‌లోని జనరల్ పోస్టాఫీసుకు, అంటే పిన్‌కోడ్ 500001కి, వచ్చే ప్రతి ఉత్తరానికీ ఒక కవరు ఉంటుంది. ఒక ఉత్తరం ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలైందో ఎవరూ ఆలోచించనక్కరలేదు, కవరే చెబుతుంది. ఇంటర్నెట్‌లో ఎక్కువ పనులకు వాడే టీసీపీ పద్ధతి అలా కాదు. మీరు మూడు ఉత్తరాలు రాసి ఇచ్చినా, అది కవర్లు తీసేసి, కాగితాలన్నీ వరసగా అతికించి, ఒకే పొడవాటి చుట్టగా అవతలి వాళ్లకు అందిస్తుంది. ఒక్క అక్షరం పోదు, వరస తప్పదు, రెండుసార్లు రాదు. హద్దులు మాత్రం ఉండవు.

దీన్ని లోపం అనకూడదు. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రతిపాదించి, 1981 సెప్టెంబరులో ప్రమాణ పత్రంగా స్థిరపడిన టీసీపీ ఇచ్చిన మాటే అంత. బైట్ల ప్రవాహాన్ని వరస తప్పకుండా చేరవేస్తానంది. సందేశాలను విడదీసి ఇస్తానని ఎక్కడా అనలేదు. ఆ పని చదివే ప్రోగ్రామ్‌దే.

ఉదాహరణకు మీరు నాంపల్లి స్టేషన్ బయట నిలబడి ఫోన్లో టికెట్టు వివరాలు అడిగారనుకోండి. సర్వర్ 5,000 బైట్ల జవాబు పంపింది. మామూలు ఈథర్‌నెట్ ప్యాకెట్‌లో 1,500 బైట్లు పడతాయి. అందులో చిరునామాలకూ లెక్కలకూ 40 బైట్లు పోతే అసలు సరుకుకు మిగిలేది 1,460. కాబట్టి ఆ జవాబు 1,460 చొప్పున మూడు ప్యాకెట్లుగా, మిగిలిన 620 నాలుగో ప్యాకెట్‌గా బయలుదేరుతుంది. అవి అంచెలంచెలుగా ఫోన్ చేరతాయి. ఫోన్లోని ఆపరేటింగ్ సిస్టమ్ వాటిని తన దగ్గరున్న జ్ఞాపకస్థలంలో వరసగా పేర్చిపెడుతుంది. ఆ స్థలాన్నే బఫర్ అంటాం.

ఇప్పుడు యాప్ వచ్చి, "8,000 బైట్ల దాకా ఇవ్వు" అని అడుగుతుంది. దీన్నే రీడ్ అంటారు. ఆ క్షణానికి బఫర్‌లో 1,460 ఉంటే 1,460 ఇస్తుంది. రెండు ప్యాకెట్లు చేరి ఉంటే 2,920. నాలుగూ చేరి ఉంటే 5,000. వెనకే వస్తున్న మరో జవాబు కూడా చేరి ఉంటే, దాని మొదటి ముక్క కూడా కలిసి రావచ్చు. ఏమీ రాకపోతే ఏదో ఒకటి వచ్చేదాకా రీడ్ ఆగి ఉంటుంది. అవతలి వాళ్లు సంబంధం ముగించుకుంటే 0 అని చెబుతుంది.

కాబట్టి రీడ్ చెప్పే అంకెకు అర్థం ఒకటే: ఇప్పటికి ఇంత దొరికింది. జవాబు పూర్తయిందని గానీ, ఒక్కటే జవాబు ఉందని గానీ అది హామీ ఇవ్వదు. ఈ తేడా తెలియని వాళ్లు రాసిన ప్రోగ్రామ్ ఒక్కసారి రీడ్ అని పిలిచి, వచ్చిందే సర్వస్వం అనుకుంటుంది. ఆఫీసులో, ఒకే కంప్యూటర్ మీద, చిన్న సందేశాలతో పరీక్షిస్తే అది చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ ముక్కలయ్యే అవసరమే రాదు. జనంలోకి వెళ్లి, రద్దీగా ఉన్న నెట్‌వర్క్ మీద పడ్డాక అప్పుడప్పుడూ కూలుతుంది. మళ్లీ ప్రయత్నిస్తే పనిచేస్తుంది. ఇలాంటి తప్పును పట్టుకోవడం ఎంత కష్టమో ఆ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు.

మందు పాతదే. అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ల మీద పరిచే పాత పుస్తకాల గుట్టల్లో రిచర్డ్ స్టీవెన్స్ 1990లో రాసిన 'యునిక్స్ నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్' కంటపడితే వదలకండి. అందులో రీడ్‌ఎన్ అనే చిన్న ఫంక్షన్ ఉంది. కావలసినన్ని బైట్లు చేతికి వచ్చేదాకా అది లూప్‌లో మళ్లీ మళ్లీ రీడ్‌ను పిలుస్తుంది. మధ్యలో 0 వస్తే ఆపేసి, ఎన్ని దొరికాయో చెబుతుంది. భాషలు మారాయి, యంత్రాలు మారాయి, ఈ లూప్ మాత్రం ఇప్పటికీ దాదాపు ప్రతి నెట్‌వర్క్ లైబ్రరీలో ఏదో ఒక రూపంలో ఉంది.

మాట మధ్యలో తెగితే

ఇప్పుడు ఆ 24 బైట్లను దగ్గరగా చూద్దాం. ఒక్కో బైటు 0 నుంచి 255 లోపు అంకె.

న: 224, 176, 168
దీర్ఘం: 224, 176, 190
సున్న: 224, 176, 130
ప: 224, 176, 170
ల: 224, 176, 178
పొల్లు: 224, 177, 141
ల: 224, 176, 178
గుడి: 224, 176, 191

మొదటి రీడ్‌కు 10 బైట్లు వచ్చాయనుకుందాం. మొదటి తొమ్మిదింటితో 'నాం' పూర్తయింది. పదో బైటు 224. అది 'ప'లో మూడో వంతు. రెండో రీడ్‌కు మిగిలిన 14 బైట్లు వచ్చాయి. వాటిలో మొదటివి 176, 170. అవి 'ప'లో మిగతా రెండు వంతులు.

తొందరపడే ప్రోగ్రామ్ ఏ ముక్కకు ఆ ముక్కను అక్షరాలుగా మార్చేస్తుంది. మొదటి ముక్క చివర ఒంటరిగా ఉన్న 224కు అర్థం లేదు కాబట్టి దాని స్థానంలో నల్లని వజ్రంలో తెల్లని ప్రశ్నార్థకం పెడుతుంది. రెండో ముక్క మొదట్లో ఉన్న 176, 170లకూ అదే గతి. చివరికి తెర మీద 'నాం', మూడు వజ్రాలు, 'ల్లి' కనిపిస్తాయి. తెలుగు వెబ్‌సైట్లలో, యాప్‌లలో పొడవాటి వ్యాసం చదువుతుంటే ఎక్కడో ఒకచోట హఠాత్తుగా ఈ వజ్రాలు తగలడం మీలో చాలామందికి అనుభవమే. దానికి ఫాంటును తిట్టుకుంటాం. ఫాంటు తప్పయితే ఆ అక్షరం వచ్చిన ప్రతిచోటా చెడాలి. వ్యాసమంతా బాగుండి ఒకే చోట చెడిందంటే, బైట్లను ముక్కలుగా చదివిన చోట ఎవరో అతుకు సరిగా వేయలేదని అనుమానించాలి.

ఓపికగల ప్రోగ్రామ్ ఏం చేస్తుంది? మొదటి ముక్క చివరి 224ను చూడగానే అది మూడు బైట్ల సంకేతానికి మొదటిదని గుర్తుపడుతుంది. ఇంకా రెండు రావాలి. కాబట్టి 'నాం' వరకే అప్పగించి, ఆ ఒక్క బైటునూ తన బఫర్‌లో దాచుకుంటుంది. రెండో ముక్క రాగానే దాచినదాన్ని ముందు పెట్టి చదువుతుంది: 224, 176, 170. 'ప' వచ్చేసింది.

ఇంకా ఎన్ని బైట్లు రావాలో ముందే తెలియడం కాకతాళీయం కాదు. యూటీఎఫ్-8 అనే ఈ పద్ధతిని 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో ఒక హోటల్లో రాత్రి భోజనానికి కూర్చుని, బల్ల మీద పరిచిన కాగితం మీద రూపొందించారు. అందులో ఇంగ్లీషు అక్షరాలు 127 లోపు. 128 నుంచి 191 వరకూ ఉన్న బైటు ఎప్పుడూ ఏదో ఒక సంకేతానికి కొనసాగింపే, మొదలు కాదు. 192 నుంచి 223 వరకూ అయితే రెండు బైట్ల సంకేతానికి మొదలు, 224 నుంచి 239 వరకూ అయితే మూడింటికి, ఆ పైన 247 వరకూ నాలుగింటికి. ప్రవాహంలో ఎక్కడ కళ్లు తెరిచినా సంకేతం మొదట్లో ఉన్నామో నడుమ ఉన్నామో ఒక్క బైటు చూసి చెప్పవచ్చు. తెలుగు సంకేతాలన్నీ 224తో మొదలవుతాయి.

ఈ అతుకుపని మీ చేత్తో చేయనక్కరలేదు. పైథాన్‌లో ఇంక్రిమెంటల్ డీకోడర్ ఉంది. బ్రౌజర్లలో టెక్స్ట్‌డీకోడర్‌కు స్ట్రీమ్ అనే ఎంపిక ఉంది. వాటిని వాడాలని తెలియడమే అసలు పని.

తెలుగులో ఇంకో మెట్టు ఉంది. సంకేతాల హద్దు దగ్గరే తెగినా అక్షరం పూర్తి కాకపోవచ్చు. 'ల', పొల్లు వరకూ వచ్చి ఆగితే తెర మీద 'నాంపల్' కనిపిస్తుంది. తరువాతి ముక్క రాగానే అది 'నాంపల్లి' అవుతుంది. కృత్రిమ మేధ యాప్‌లు జవాబును మాట వెంట మాటగా తెలుగులో చూపిస్తున్నప్పుడు అక్షరాలు క్షణకాలం ఒక రూపంలో కనిపించి మరో రూపంలోకి మారడానికి ఇదొక కారణం. కంటికి ఇబ్బందే తప్ప సమాచారం చెడదు. కానీ ఆ ముక్కను అక్కడికక్కడే వెతుకులాటకో, గట్టిగా చదివి వినిపించే గొంతుకో అప్పగిస్తే మాట తప్పుగా వెళ్తుంది.

సందేశం ఎక్కడ ముగిసింది?

హద్దులు లేని ప్రవాహంలో హద్దులు గుర్తించడానికి లోకంలో మూడు పద్ధతులున్నాయి. మూడూ కంప్యూటర్ బయట కూడా కనిపించేవే.

మొదటిది, పొడవు ముందే ఖాయం చేసుకోవడం. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడ్‌కు ఎప్పుడూ 6 అంకెలే. రైలు టికెట్టు మీది పీఎన్ఆర్‌కు 10 అంకెలే. ఆరు చదివితే పిన్ పూర్తయింది, పది చదివితే పీఎన్ఆర్ పూర్తయింది. మనుషుల పేర్లకు, వీధుల పేర్లకు ఇది పనికిరాదు.

రెండోది, ముగింపు గుర్తు. టెలిగ్రాముల్లో వాక్యం ముగిసిన చోట 'స్టాప్' అని రాసేవారు. నెట్‌వర్క్‌లో ఆ పని పంక్తి ముగింపు గుర్తు చేస్తుంది. చిక్కల్లా, అదే గుర్తు సందేశం లోపల వస్తే ఏం చేయాలన్నది. దానికి వేరే నియమం కావాలి. పైగా రెండు బైట్ల ముగింపు గుర్తు కూడా సరిగ్గా నడిమికి తెగి, సగం ఒక రీడ్‌లో, సగం ఇంకో రీడ్‌లో రావచ్చు.

మూడోది, పొడవును ముందే చెప్పడం. 2013 జులైలో మన దేశంలో సెలవు తీసుకున్న టెలిగ్రామ్‌కు ఈ పద్ధతి కూడా తెలుసు. సందేశానికి ముందు పంపే వివరాల్లో మాటల సంఖ్య ఉండేది. అందుకున్న ఉద్యోగి మాటలు లెక్కపెట్టి సరిచూసుకునేవాడు. లెక్క తప్పితే మళ్లీ అడిగేవాడు.

వెబ్‌లో వాడే హెచ్‌టీటీపీ 1.1 రూపంలో చివరి రెండింటినీ కలిపి వాడుతుంది. శీర్షికలు పంక్తులుగా వస్తాయి, ఖాళీ పంక్తితో ముగుస్తాయి. ఆ శీర్షికల్లో కంటెంట్-లెంగ్త్ అనేది అసలు సరుకు ఎన్ని బైట్లో చెబుతుంది. ఎన్ని అక్షరాలో కాదు, ఎన్ని బైట్లో. ఇక్కడ నాంపల్లి మళ్లీ పరీక్ష పెడుతుంది. ప్రోగ్రామర్ మాట పొడవు అడిగితే చాలా భాషలు 8 అని చెబుతాయి, అవి లెక్కపెట్టేది సంకేతాలను కాబట్టి. ఆ 8ని కంటెంట్-లెంగ్త్‌గా పంపితే అందుకునేవాడు 8 బైట్లు చదివి ఆగిపోతాడు. న, దీర్ఘం, సున్నలో రెండు వంతులు అతని చేతికొస్తాయి. మిగతా 16 బైట్లు ప్రవాహంలోనే ఉండిపోతాయి. అదే సంబంధం మీద తరువాతి సందేశం వచ్చినప్పుడు అతను ఈ మిగులునే దాని మొదలనుకుంటాడు. అక్కడి నుంచి అంతా గందరగోళం. ఇంగ్లీషులో రాస్తే 8 అక్షరాలకు 8 బైట్లే కాబట్టి ఈ తప్పు ఎన్నేళ్లయినా బయటపడదు.

ఎంత దాచుకోవాలి?

బఫర్ అవసరం అతుకులతోనే తీరిపోదు. ప్రోగ్రామ్ ఒక్కో బైటు కోసం ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగితే ప్రతి అడుగుకూ ఖర్చుంది. ప్రాసెసర్ ప్రోగ్రామ్ పని ఆపి, ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నల్‌లోకి వెళ్లి, మళ్లీ తిరిగి రావాలి. 8,192 బైట్లను ఒక్కొక్కటిగా అడిగితే 8,192 సార్లు ఆ తతంగం. ఒకేసారి అడిగి తన దగ్గర పెట్టుకుని అక్కడి నుంచి ఒక్కొక్కటి తీసుకుంటే ఒక్కసారితో పోతుంది. జావాలోని బఫర్డ్ ఇన్‌పుట్ స్ట్రీమ్ మామూలుగా 8,192 బైట్లు ఉంచుకునేది ఇందుకే.

చదివేవాడు నెమ్మదిస్తే పంపేవాడు కూడా నెమ్మదించాలి. ఇందుకు టీసీపీలో చక్కటి ఏర్పాటుంది. అందుకునే యంత్రం ప్రతి రసీదుతో పాటు తన బఫర్‌లో ఇంకా ఎంత ఖాళీ ఉందో చెబుతుంది. మొదట్లో ఆ అంకె 65,535 దాటేది కాదు. 1992లో వచ్చిన సవరణతో ఎన్నో రెట్లు పెరిగింది. ఖాళీ 0 అని చెబితే అవతలివాడు ఆగిపోయి, అప్పుడప్పుడూ 'చోటు దొరికిందా' అని కనుక్కుంటూ ఉంటాడు. కాబట్టి ప్రోగ్రామ్ చదవడం ఆపితే బైట్లు పారబోసినట్టు కాదు, ప్రవాహమే వెనక్కి తగ్గుతుంది.

2018 సెప్టెంబరు నుంచి నాంపల్లి మీదుగా నడుస్తున్న మెట్రోలో పాట వింటున్నారనుకోండి. సెకనుకు 1,28,000 బిట్ల నాణ్యత, అంటే 16,000 బైట్లు. యాప్ 30 సెకన్ల పాటను ముందే తెచ్చి పెట్టుకుంటే 4,80,000 బైట్లు. నాంపల్లి, గాంధీభవన్ మధ్య ఓ 20 సెకన్లు సిగ్నల్ పోయినా పాట ఆగదు. అదే రైల్లో పక్కవాళ్లు వీడియో కాల్ మాట్లాడుతుంటే ఈ ఉపాయం పారదు. 30 సెకన్ల తరువాత వినిపించే జవాబుతో సంభాషణ సాగదు. అక్కడ సెకనులో చిన్న భాగం మాత్రమే దాచుకోగలరు.

బఫర్ ఎక్కువైనా చేటే. ఏటా మామూలుగా జనవరి 1న నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ అనే ప్రదర్శన మొదలవుతుంది. సాయంత్రం వేలమంది ఒకేచోట ఫోన్లు తీస్తే దారిలోని పరికరాల్లో ప్యాకెట్లు వరస కడతాయి. అలాంటి ఒక పరికరంలో మీ వాటాకు 10 లక్షల బైట్ల బఫర్ ఉండి అది నిండిపోయి, సెకనుకు 10 లక్షల బిట్ల వేగమే దక్కితే, వరస చివర చేరిన ప్యాకెట్‌కు 8 సెకన్ల నిరీక్షణ తప్పదు. రద్దీ ఉందని టీసీపీకి మామూలుగా తెలిసేది ప్యాకెట్ పోయినప్పుడే. పెద్ద బఫర్ దాన్ని పోనివ్వదు కాబట్టి పంపేవాడు వేగం తగ్గించడు, వరస ఇంకా పెరుగుతుంది. జిమ్ గెటిస్ 2010 ప్రాంతంలో ఈ జబ్బుకు బఫర్‌బ్లోట్ అని పేరుపెట్టి అందరి దృష్టికీ తెచ్చారు. 2012లో కాథలీన్ నికల్స్, వాన్ జాకబ్‌సన్ కోడెల్ అనే పరిష్కారం చూపారు. వరస ఎంత పొడవుందో చూడడం మాని, అందులో ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో చూసి, ఆలస్యం మరీ ఎక్కువైతే కొన్నిటిని వదిలేస్తుంది. రెండుమూడు ప్యాకెట్లు పోగొట్టుకుంటే పంపేవాడికి సంగతి అర్థమవుతుంది, అందరి పనీ తేలికవుతుంది.

అవతలివాడు చెప్పిన అంకె

చదివేవాడు మరచిపోకూడని సంగతి ఇంకొకటుంది. ఆ బైట్లు పంపేది అపరిచితులు.

1988 నవంబరు 2న రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన ప్రోగ్రామ్ అప్పటి ఇంటర్నెట్‌ను కుదిపేసింది. అది లోపలికి చొరబడిన దారుల్లో ఒకటి ఫింగర్ అనే సేవ. ఆ సేవ తనకు వచ్చిన పంక్తిని 512 బైట్ల బఫర్‌లో పెట్టుకునేది, ఎంత వస్తోందో లెక్క చూసుకునేది కాదు. మోరిస్ ప్రోగ్రామ్ 536 బైట్లు పంపింది. పొంగిన 24 బైట్లు పక్కనున్న జ్ఞాపకస్థలంలోకి వెళ్లి, యంత్రం తరువాత ఏం చేయాలన్నదే మార్చేశాయి. లెక్క చూడకుండా చదివే ఆ గెట్స్ అనే ఫంక్షన్‌ను సీ భాష ప్రమాణం నుంచి చివరికి 2011లో తొలగించారు.

2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ అనే లోపం దీనికి తిరగేసిన రూపం. 'నేను పంపిన సరుకు పొడవు ఇంత, అంతా నాకు తిరిగి పంపు' అని అడిగే చిన్న సందేశం దగ్గర వచ్చింది చిక్కు. సరుకు ఒక్క బైటే పంపి పొడవు 64 కిలోబైట్లని చెప్పినా, సంభాషణలను గుప్తంగా ఉంచే లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ నమ్మేది. తన జ్ఞాపకస్థలంలో ఆ పక్కన ఉన్నదంతా, ఒక్కోసారి పాస్‌వర్డులతో సహా, కలిపి పంపేసేది. చెప్పిన పొడవునూ వచ్చిన పొడవునూ పోల్చి చూసే ఒక్క తనిఖీ అక్కడ లేకపోయింది. టెలిగ్రాం ఉద్యోగి మాటలు లెక్కపెట్టి సరిచూసుకున్న పనే అది.

23 చోట్ల తెంచి చూడండి

మీరు ప్రోగ్రాములు రాసేవారైతే ఈ అధ్యాయాన్ని చదివి వదిలేయకండి. మీ ప్రోగ్రామ్‌కు 24 బైట్ల 'నాంపల్లి'ని రెండు ముక్కలుగా పంపండి. దాన్ని తెంచడానికి 23 చోట్లున్నాయి. వాటిలో సంకేతాల హద్దులు 7, అక్షరాల హద్దులు 2 మాత్రమే. మిగిలిన 21 చోట్లా తెగేది మన అక్షరం. ఇంగ్లీషు పేరును తెంచడానికి 7 చోట్లే ఉన్నాయి, ఒక్కచోట కూడా అక్షరం తెగదు. ఇంగ్లీషుతో పరీక్షించి బాగుందనుకోవడం ఎందుకు చాలదో ఈ అంకెలే చెబుతున్నాయి.

తరువాత ఒక్కో బైటుగా 24 సార్లు పంపండి. రెండు సందేశాలను కలిపి ఒకేసారి పంపండి. పదో బైటు దగ్గర సంబంధం తెంపేయండి. అప్పుడు ప్రోగ్రామ్ 'అసంపూర్ణం' అని స్పష్టంగా చెప్పాలి, సగం మాటను పూర్తి మాటగా చలామణీ చేయకూడదు. పొడవు అబద్ధంగా చెప్పండి. వీటన్నిటినీ తట్టుకున్న ప్రోగ్రామ్ ఏ రద్దీలోనైనా, ఏ భాషలోనైనా నిలబడుతుంది. దీనికి ప్రత్యేకమైన ప్రయోగశాల అక్కరలేదు. మన ఊళ్ల పేర్లు మన లిపిలో రాసి పరీక్షించడం చాలు. ఆ పని మనం చేయకపోతే మన భాషలో చదువుకునే వాళ్లకు వజ్రాల గుర్తులే మిగులుతాయి.